మాస్‌ఫెట్లు కాలుస్తున్న అబ్బాయిని అమీర్‌పేటకు పంపాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈఈఈ మూడో సంవత్సరం. యూసీ3842 అనే కంట్రోల్ చిప్‌తో 12 వోల్టుల పవర్ సప్లై చేస్తానని ఇప్పటికి నాలుగు మాస్‌ఫెట్లు (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) కాల్చాడు. ఎప్పుడు చూసినా ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే కోఠి గుజరాతీ గల్లీలోనే ఉంటాడు. అమీర్‌పేటలో జావా కోర్సులో చేర్పిస్తానంటే వినడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కుషాయిగూడ

జవాబు: చదువు సంగతి కంటే ముందు ఒకటి చెప్పాలి. ఇంటి 230 వోల్టుల కరెంటును డీసీగా మారిస్తే కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్గు పీకాక కూడా కాసేపు ఉంటాయి. బోర్డును ఇంటి కరెంటు లైను నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనివ్వండి. షార్టయినా కరెంటు అదుపులో ఉండేలా బోర్డుకు సిరీస్‌లో పాతకాలం ఫిలమెంట్ బల్బు పెట్టమనండి, ఎల్ఈడీ బల్బు పనికిరాదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అసలు ముట్టుకోనివ్వకండి.

జావాలో బలవంతంగా చేర్పించమని నేను చెప్పను. అయితే, కాలిన ప్రతిసారీ కొత్తది బిగించి చూడటం మాత్రం ఆగాలి. ఎందుకు కాలిందో చెప్పమనండి. "పీస్ డూప్లికేట్" అంటే సరిపెట్టుకోకండి. ఆ చిప్, మాస్‌ఫెట్‌లో పారే కరెంటును గమనించే తన కరెంట్ సెన్స్ కాలు (పిన్) మీద 1 వోల్టు కనబడగానే మాస్‌ఫెట్‌ను ఆపేస్తుంది. కానీ మాస్‌ఫెట్ ఆన్ అయిన క్షణంలోనే అక్కడ సూదిమొనలాంటి స్పైక్ ఒకటి వస్తుంది. దాన్ని అణచడానికి 1 కిలో ఓమ్ రెసిస్టర్, 470 పికోఫారడ్ కెపాసిటర్ లాంటి వాటితో చిన్న ఫిల్టర్ పెడతారు. చిప్ ఊరికే ఆగిపోతోందని విసుగొచ్చి ఆ కెపాసిటర్‌ను పదింతలు చేస్తే, అవుట్‌పుట్ షార్టయినప్పుడు చిప్‌కు కబురు ఆలస్యంగా అందుతుంది. ఆలోపే మాస్‌ఫెట్ పోతుంది. పిల్లల బోర్డుల్లో నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే. ఇది కాకపోతే స్నబ్బర్ (వోల్టేజీ ఎగసిపోకుండా అణిచే చిన్న సర్క్యూట్) చూడమనండి. మాస్‌ఫెట్ ఆఫ్ అయినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ లీకేజీ ఇండక్టెన్స్ వల్ల లేచే వోల్టేజీని 600 వోల్టుల మాస్‌ఫెట్ కూడా తట్టుకోలేకపోవచ్చు.

చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు, ఎలక్ట్రిక్ స్కూటర్లు, అన్నింట్లోనూ ఈ పవర్ ఎలక్ట్రానిక్స్ పని ఉంది. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల కంటే తక్కువ కావచ్చు, దానికి ఇద్దరూ సిద్ధపడండి. మైక్రోకంట్రోలర్ల కోసం సీ భాష ఎలాగూ నేర్చుకోవాలి. మీ పక్కనే చర్లపల్లి పారిశ్రామికవాడ ఉంది. వేసవిలో రెండు నెలలు ఏదైనా చిన్న కంపెనీలో టెస్టింగ్ బల్ల దగ్గర కూర్చోనివ్వండి. డిగ్రీ అయ్యాక ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ అప్రెంటిస్ నోటిఫికేషన్లు చూస్తుండమనండి.

ఈలోగా ఒక నోట్‌బుక్ పెట్టించండి: ఏ తేదీన ఏం కాలింది, సీఆర్‌ఓలో (ఆసిలోస్కోప్ తెర మీద) తరంగం ఎలా కనిపించింది, ఆ తర్వాత ఏం మార్చాడు. ఇంటర్వ్యూలో దాన్ని బల్ల మీద పెట్టి మాట్లాడగలడు. అయిదో మాస్‌ఫెట్‌కు డబ్బులు అడిగినప్పుడు, ముందు ఆ పేజీ చూపించమనండి.