జైసల్మేర్‌లో 400 రూపాయల గది: మర్నాడే ఖాళీ చేయమన్నారన్న ప్రశ్నకు

రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో 400 రూపాయలకు గది ఇచ్చి, మర్నాడే ఎందుకు ఖాళీ చేయమన్నారని మీరు అడిగారు. మీరు ఒంటె సఫారీ వద్దన్నారు, అందుకే. గది చవగ్గా ఇచ్చి, సమ్ అనే చోట ఇసుక దిబ్బల మీదికి తీసుకెళ్ళే ట్రిప్పులో ఆ డబ్బు రాబట్టుకోవడం అక్కడ కొందరికి అలవాటు. "వేరేవాళ్ళు ముందే బుక్ చేసుకున్నారు" అనేది సాకు. నాకూ ఇదే జరిగింది. పొద్దున ఏడింటికి బ్యాగు పక్కన పెట్టుకుని రోడ్డు మీద టీ తాగాను.

1. గొడవ పడకండి. మిగిలిన రాత్రుల డబ్బు వెనక్కి అడిగి, జైసల్మేర్ కోట బయట వేరే గది చూసుకోండి.

2. అందరూ మర్చిపోయేది ఇదే: రేటు ఒక్కటే అడుగుతారు. డబ్బు కట్టకముందే వాట్సాప్‌లో "సఫారీ నహీ లేంగే, ఫిర్ భీ యహీ రేట్?" (సఫారీ తీసుకోం, అయినా ఇదే రేటా?) అని పంపండి. "ఆయియే, బాత్ కరేంగే" (రండి, మాట్లాడదాం) అని వస్తే వదిలేయండి. "హా, యహీ రేట్" (అవును, ఇదే రేటు) అని రాతలో వస్తేనే వెళ్ళండి. మాట మీద నమ్మొద్దు.

3. ముందు ఒక్క రాత్రికే కట్టండి. నచ్చితే పొడిగించుకోవచ్చు.

4. స్టేషన్లో ఆటోవాళ్ళు చూపించే లాడ్జికి వెళ్ళకండి. వాళ్ళ కమీషన్ మీ బిల్లులోనే ఉంటుంది.

కోట లోపలి లాడ్జిలోనే ఉండాలని పట్టు పట్టకండి. 1156 నాటి కోట అది, వాడిన నీళ్ళు కిందికి ఇంకి పునాది దెబ్బతింటోంది. పైగా లోపలుంటే కోట కనిపించదు కదా! బయట మేడ మీద నుంచే పసుపు రాయి సాయంత్రం ఎండకి మెరుస్తూ కనిపిస్తుంది.

డిసెంబరు, జనవరి అయితే రెండో రజాయి ముందే అడిగి తీసుకోండి.