ఫ్యాక్టరీలు వస్తున్నాయని ఇల్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అబ్బాయి ప్లస్ టూ సైన్స్ పాసయ్యాడు, మార్కులు అంతంతమాత్రం. ఒడిశాకు లక్షల ఉద్యోగాలు, సెమీకండక్టర్ ఫ్యాక్టరీలు వస్తున్నాయని ప్రభుత్వం చెబుతోంది. ఇల్లు తాకట్టు పెట్టి ప్రైవేటు కాలేజీలో సెమీకండక్టర్ బీటెక్‌లో చేర్చాలనుకుంటున్నాను. వాడేమో ఎప్పుడు చూసినా మోటార్లు బాగుచేసే మావయ్య షాపులోనే ఉంటాడు, డిప్లొమా చేస్తానంటాడు. మా బంధువుల పిల్లలందరూ బీటెక్కే. ఏది మంచిది?

జవాబు: అన్నగారూ, గంజాం నుంచి కొరాపుట్ దాకా తల్లిదండ్రులు నన్ను ఇదే అడుగుతున్నారు. ఊరంతా ఎక్కే బండి మనవాడికి తప్పిపోతుందేమోనన్నదే మీ టెన్షన్. తప్పిపోదు. ముందు ఆ భయం తీసెయ్యండి.

2025 జనవరిలో భువనేశ్వర్‌లో జరిగిన ఉత్కర్ష్ ఒడిశా సదస్సులో 16 లక్షల కోట్ల రూపాయలకు పైగా పెట్టుబడి ప్రతిపాదనలు వచ్చాయని ప్రభుత్వం ప్రకటించింది. ప్రతిపాదన అంటే ఇంకా కాగితమే. భూమి దొరకాలి, అనుమతులు రావాలి, నీళ్లు, కరెంటు, బ్యాంకు అప్పు అన్నీ కుదరాలి. మన జిల్లానే చూడండి. ఉత్కళ్ అల్యూమినా కంపెనీ పెట్టింది 1993లో. మధ్యలో భూముల గొడవ జరిగింది, 2000 డిసెంబరులో మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. ఉత్పత్తి మొదలయ్యేసరికి 2013 వచ్చింది. కంపెనీ పెట్టిన ఏడాది పుట్టిన పిల్లవాడికి అప్పటికి ఇరవై ఏళ్లు. అదైనా వచ్చింది. దక్షిణ కొరియా కంపెనీ పోస్కో 2005లో 52,000 కోట్ల ఉక్కు ఫ్యాక్టరీకి సంతకం చేసి, 2017లో తప్పుకుంది.

ఇక సెమీకండక్టర్ల మాట, అంటే ఫోన్లలో, కంప్యూటర్లలో ఉండే చిప్‌లు. ఇక్కడ నాకు చాలా అనుమానాలున్నాయి. 2025 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ నాలుగు ప్రాజెక్టులకు ఒప్పుకుంది. అందులో రెండు ఒడిశావే. నాలుగింటికీ కలిపి పెట్టుబడి సుమారు 4,600 కోట్లు. ఉద్యోగాలు ఎన్నో తెలుసా? కేంద్రం చెప్పిన లెక్కే 2,034. ఒక్కో ఉద్యోగానికి రెండు కోట్లకు పైనే పడుతోంది. చిప్‌ల ఫ్యాక్టరీలో చాలా పని మెషీన్లే చేస్తాయి. ఆ కాసిన్ని ఉద్యోగాలకు దేశమంతటి నుంచి పిల్లలు పోటీకి వస్తారు. ఒక ప్రైవేటు కాలేజీకి నేనే వెళ్లి చూశాను. కోర్సు పేరు కొత్తది, లోపల ఉన్నది పాత ఎలక్ట్రానిక్స్ ల్యాబే. ఫీజు మాత్రం పెంచారు. ఫిజిక్స్, లెక్కలు బాగా వచ్చి, ఎంటెక్ దాకా చదివే ఓపిక ఉన్నవాళ్లకు అది మంచి దారే. మీవాడికి ఆ ఇష్టం ఉందని మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు.

కోపం తెచ్చుకోకండి, మీరు ఫ్యాక్టరీల గురించి రాశారు, బంధువుల గురించి రాశారు. వాడికి ఏం చేతనవునో మాత్రం ఫిర్యాదులా రాశారు. మోటారు విప్పి బాగుచేసే కుర్రాణ్ని చూసి నామోషీ పడతారా? చెప్పుకోవడానికి బాగుంటుందని ఇల్లు పణంగా పెడితే, ఆ అప్పు బరువు మోయాల్సింది వాడు!

ప్లస్ టూ సైన్స్ చదివినవాళ్లను డిప్లొమా రెండో ఏడాదిలోకి నేరుగా తీసుకోవచ్చని సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధన ఉంది. బరంపురంలో ఉమాచరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూల్ ప్రభుత్వానిదే, ఫీజు మీ కొట్టు ఆదాయంలో కట్టగలరు. ఈ ఏడాది ఖాళీలు ఎన్నున్నాయో వెళ్లి కనుక్కోండి. జేకేపూర్ కాగితం మిల్లయినా, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ అయినా, రేపు వచ్చే ఏ ఫ్యాక్టరీ అయినా మోటార్లు, పంపులు, ట్రాన్స్‌ఫార్మర్లు లేకుండా నడవవు. డిప్లొమా అయ్యాక వాడే బీటెక్ కావాలంటే నేరుగా రెండో ఏడాదిలో చేరే లేటరల్ ఎంట్రీ ఉండనే ఉంది. ఎక్కడైనా ఉద్యోగం ఇస్తామంటే కంపెనీ పేరోల్ మీదా, కాంట్రాక్టరు కిందా అని అడగమనండి. జీతం, పీఎఫ్ అన్నీ దాన్నిబట్టే ఉంటాయి. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు అయిన మన పిల్లలు ఒడియా రాయడం మర్చిపోతున్నారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు అది కావాలి, ఇప్పటి నుంచే రాయించండి.

ఇంటి కాగితాలు బీరువాలో పెట్టేయండి. ఈ ఆదివారం బావమరిది షాపులో ఓ గంట కూర్చుని మీవాడు పని చేస్తుంటే చూడండి. ఎలక్ట్రికలా, మెకానికలా అన్నది వాణ్నే అడిగి ఫారం నింపండి.