తేలికైన పెట్టెకు తపాలా రుసుము ఎందుకు ఎక్కువ?

విశాఖపట్నం నుంచి ఏటికొప్పాక బొమ్మలను స్పీడ్ పోస్టులో పంపబోతే, పెట్టె తూకం 5 కిలోలే ఉన్నా తపాలా సిబ్బంది 12 కిలోల రుసుము అడిగారని, ఇది న్యాయమేనా అని మీరు అడిగారు. అది నిబంధన ప్రకారమే జరిగింది.

రవాణా వాహనంలో బరువుతో పాటు చోటుకూ విలువ ఉంటుంది కాబట్టి, పార్సిల్ పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. అలా వచ్చిన కిలోలు, అసలు తూకం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే రుసుము కడతారు. మీ పెట్టె కొలతలు 50, 40, 30 అన్నారు కదా, లబ్ధం 60,000, అంటే సరిగ్గా 12 కిలోలు. అవే బొమ్మలు 40, 30, 20 కొలతల పెట్టెలో పడితే లెక్క 4.8 కిలోలకు దిగి, తూకమైన 5 కిలోలకే కడతారు. లక్క పూత గీసుకుపోకుండా ఒక్కో బొమ్మకూ కాగితం చుట్టి, ఖాళీలను మాత్రం తగ్గించండి. చిన్న పెట్టెలో వస్తువు కదలదు కనుక అది బొమ్మలకూ మేలే.

స్పీడ్ పోస్టులో ఒక్కో పార్సిల్ బరువు 35 కిలోలు మించకూడదు. అదనపు రుసుము కట్టినా అంతకు మించినది తీసుకోరు, రెండు పెట్టెలుగా విడదీయవలసిందే. ఇంట్లో కొలిచేటప్పుడు పెట్టె లోపలి కొలతలు కాక, అట్టను, ఉబ్బిన మూతను కలుపుకుని బయటి కొలతలు తీసుకోండి.