కథలో వెలుగు ఎక్కడి నుంచి రావాలి?

ప్రశ్న: 2015 డిసెంబరులో అడయారు పొంగి మా ప్రాంతాన్ని ముంచెత్తిన రోజుల నేపథ్యంలో, వరదలో మామగారిని పోగొట్టుకున్న ఒక కోడలి కథ రాశాను. చదివిన మిత్రులు మరీ చీకటిగా ఉందనీ, కాస్త ఆశ చూపించమనీ అన్నారు. ముగింపులో సూర్యోదయాన్నీ, పక్కింటి పసిపాప నవ్వునూ చేర్చాను. ఇప్పుడది నాకే అతికినట్టు లేదు. చీకటి వెలుగులను ఏ పాళ్లలో కలపాలి?
– ఒక పాఠకురాలు, సైదాపేట, చెన్నై

జవాబు: మీకు కలిగిన అనుమానమే సరైనది, ఆ చివరి పేరాను తీసివేయండి. ఆ ఇంట్లో ఎవరు పోయినా పోకపోయినా సూర్యుడు ఉదయిస్తాడు కనుక, పాఠకుడికి అది ఓదార్పునివ్వదు, రచయిత్రి దుఃఖం నుంచి తప్పుకున్నట్టే తోస్తుంది.

మీరు పంపిన ప్రతిలో నాలుగో పేజీని మళ్లీ చూడండి. నీళ్లు తీశాక ఇల్లు చేరిన కోడలు, బురదలో దొరికిన మామగారి పద్దుల పుస్తకాన్ని విప్పి, ఒక్కొక్క కాగితాన్నీ దండెం మీద ఆరవేస్తుంది. సిరా చాలావరకు కరిగిపోయినా ఒకచోట ‘కాఫీ పొడి 250 గ్రాములు, అమ్మాయికి’ అన్న పద్దు మిగిలి ఉంటుంది. ఆయన కాఫీ ముట్టరనీ, ఆ ఖర్చు గురించే కోడలితో మాటామాటా వచ్చేదనీ మొదటి పేజీలోనే చెప్పారు. ఇంతటి ఘట్టాన్ని ఒక్క వాక్యంతో దాటవేశారు. ఆమె కోపం, ఆయన పైకి చూపని ఆప్యాయత, ఇక తీర్చుకోలేని బాకీ ఆ తడి కాగితంలోనే ఉన్నాయి. మీరు వెతుకుతున్న వెలుగు అదే.

కరుణరసానికి పెట్టింది పేరైన సంస్కృత నాటకకర్త భవభూతి ‘ఉత్తరరామచరితం’ మొదటి అంకం చదవండి. తమ గత జీవితపు చిత్రాలు చూసి మురిసిన సీత, నిండు గర్భిణిగా, మళ్లీ ఆ అడవుల్లో తిరగాలనీ గంగలో స్నానం చేయాలనీ ముచ్చటపడుతుంది; రాముడు రథం సిద్ధం చేయమంటాడు. ఆమె అతని చేతిని తలగడగా చేసుకుని నిద్రపోయినప్పుడు గూఢచారి దుర్ముఖుడు ఆమెపై లోకనిందను రాముడి చెవిన వేస్తాడు. ముచ్చట తీర్చడానికి రప్పించిన రథమే ఆమెను అడవికి పంపివేస్తుంది. భవభూతి వెలుగులోంచి చీకటిని తీశాడు. మీ కథ నడవవలసింది అందుకు ఎదురు దిశలో, కాని పద్ధతి అదే.

నీళ్లు మంచం ఎత్తుకు వచ్చిన ఘట్టంలో మాత్రం ఒక్క మాట తగ్గించకండి. జాలరులు పడవలతో వీధుల్లోకి వచ్చి ఎందరినో కాపాడిన మాట నిజమే, అయినా మీ కథలో వారు ఆలస్యంగానే రావాలి. ఆ తరువాత దండెం దగ్గర ఆమెను ఇంకొంతసేపు నిలబెట్టండి; ఆరిన ఆ కాగితాన్ని ఆమె ఎక్కడ దాచుకుంటుందో కనిపెట్టి, కథను అక్కడ ఆపండి.