ఫిల్టర్ చుట్టూ ఆయిల్ కారుతోందా? పాత రబ్బరు చూడండి

ఇంట్లో కారు ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చి స్టార్ట్ చేయగానే కొత్త ఫిల్టర్ చుట్టూ ఆయిల్ ధారగా కారిందా? అయితే పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయి ఉంటుంది. రబ్బరు మీద రబ్బరు పడితే అలాగే కారుతుంది. ఇంకా బిగించకండి, ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకండి.

పాత ఫిల్టర్ ఇంకా ఉంటే దాని అంచున రబ్బరు ఉందేమో చూడండి. లేకపోతే అది ఇంజిన్ మీదే ఉన్నట్టు.

1. ఇంజిన్ చల్లారనివ్వండి. విశాఖలో సీతమ్మధార వైపు ఉండే ఏటవాలు వీధుల్లాంటి చోట వద్దు, చదునైన చోటే. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టండి.

2. ఫిల్టర్ విప్పండి.

3. అందరూ వదిలేసేది ఇదే: ఫిల్టర్ కూర్చునే చోటు గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడమండి. నల్లటి మడ్డిలో నల్ల రబ్బరు కంటికి ఆనదు, వేలికి తగులుతుంది. దొరికితే ఒలిచేయండి.

4. కొత్త రబ్బరుకి కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించండి. రబ్బరు ఆనాక చాలావాటికి ముప్పావు చుట్టు చాలు. ఎంతో ఫిల్టర్ మీదే రాసుంటుంది.

5. డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) చూసి, తగ్గినంత ఆయిల్ పోయండి. అర నిమిషం నడిపి కింద చూడండి. ఆపిన 5 నిమిషాలకు లెవెల్ మళ్లీ చూడండి.

కారిన ఆయిల్ గెడ్డలో (కాలువలో) మాత్రం పారబోయకండి, అది సముద్రంలోకే పోతుంది. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే వర్క్‌షాప్‌లో ఇవ్వండి.