పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఏ డ్రైవర్ కొనాలి, ఎంత పెట్టాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోల్ఫ్‌లో బంతిని చాలా దూరం కొట్టడానికి వాడే క్లబ్, అంటే డ్రైవర్ గురించే. దానిలో బంతికి తగిలే తల హెడ్, ఆ తల ముందుభాగం ఫేస్, పొడవాటి కడ్డీ షాఫ్ట్, ఫేస్ వెనక్కి వాలి ఉండే కోణం లాఫ్ట్. ఒకే అర్థం ఉన్నవాటిని కలిపేసి, పనికొచ్చేంత వివరంగా జవాబులు రాస్తున్నాను. అన్నీ కుడిచేతి వాటం ఆటగాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి, ఎడమచేతి వాటం వాళ్లు కుడి, ఎడమలను తిప్పి చదువుకోండి.

ప్రశ్న: ఆట మొదలుపెట్టి రెండేళ్లయింది. ఒక కంపెనీ కొత్త డ్రైవర్, అదే కంపెనీది రెండేళ్ల కిందటి డ్రైవర్ పక్కపక్కనే పెట్టి అమ్ముతున్నారు. పాతదాని ధర కొత్తదాంట్లో సగమే. కొత్తది ఇంకా దూరం వెళ్తుందని ప్రకటనలో ఉంది. ఆ తేడాకి అంత డబ్బు పెట్టొచ్చా?

జవాబు: మీకు సరిపోయే లాఫ్ట్, షాఫ్ట్ పాతదాంట్లో కూడా దొరికితే కళ్లు మూసుకుని పాతదే తీసుకోండి, మిగిలిన డబ్బులో కొంత ఫిట్టింగ్‌కి (మీ స్వింగ్‌కి తగ్గట్టు క్లబ్ సరిచేయించుకోవడానికి) పెట్టండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, బంతి తగిలినప్పుడు ఫేస్ ఎంత స్ప్రింగ్‌లా పనిచేయొచ్చో గోల్ఫ్ నిబంధనలు పెట్టే సంస్థలు యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ ఎప్పుడో గీత గీసేశాయి. లోలకంలా వేలాడే చిన్న లోహపు గుండుతో ఫేస్‌ని తట్టి, ఆ గుండు ఫేస్‌కి ఎంతసేపు ఆనుకుని ఉందో మైక్రోసెకన్లలో కొలుస్తారు. హద్దు 239, దాని మీద 18 వరకు వదులు ఇస్తారు, అంటే 257 దాటిన హెడ్ నిబంధనల ప్రకారం చెల్లదు. పెద్ద కంపెనీలన్నీ చాలా ఏళ్లుగా ఆ హద్దుకి దగ్గర్లోనే తయారుచేస్తున్నాయి. హెడ్ సైజు కూడా అంతే, 2004 నుంచి 460 సీసీ హద్దు. కాబట్టి నడిమధ్యలో తగిలిన బంతికి ఈ ఏడాది మోడల్, రెండేళ్ల కిందటి మోడల్ ఇచ్చే వేగంలో పెద్ద తేడా ఉండే వీలే లేదు.

మరి ఇన్నేళ్లుగా ఏం మారుతోంది అంటే, మధ్యలో తగలని దెబ్బలకి వచ్చే ఫలితం మారుతోంది. కాలవే 2019లో ఎపిక్ ఫ్లాష్ ఫేస్‌ని కృత్రిమ మేధ సాయంతో రూపొందించింది, టేలర్‌మేడ్ 2022లో స్టెల్త్‌కి టైటానియం బదులు కార్బన్ ఫేస్ పెట్టింది, బరువుని వెనక్కీ కిందకీ జరిపే పద్ధతులు ఏటేటా మెరుగుపడుతున్నాయి. ఇవి ఊరికే చెప్పే మాటలు కావు, నిజమైన పనులే. కానీ ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ మధ్య ఆ మెరుగుదల మామూలు ఆటగాడికి తెలిసేంత ఉండదు, ఏడెనిమిదేళ్ల తేడా ఉంటే మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే మీ బ్యాగులో 2005 నాటి డ్రైవర్ ఉంటే మార్చండి. 2020 తర్వాతది ఉంటే, అది మీకు ఎందుకు సరిపోవడం లేదో ముందు తెలుసుకోండి, కారణం హెడ్ కాకుండా షాఫ్టో లాఫ్టో అయ్యే అవకాశం చాలా ఉంది.

ప్రశ్న: మూడు కంపెనీల డ్రైవర్లు రేంజ్‌లో (ప్రాక్టీస్ మైదానంలో) కొట్టి చూశాను. కాసేపు ఒకటి బాగుంది, కాసేపు ఇంకోటి. చివరికి తల తిరిగింది తప్ప ఏమీ తేలలేదు. అసలు వీటిని పోల్చడం ఎలా?

జవాబు: డ్రైవర్ కొనడంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త పెద్ద జవాబే ఇస్తాను.

మొట్టమొదట, మీ పాత డ్రైవర్‌ని వెంట తీసుకెళ్లండి. అది లేకుండా పోలికే లేదు. ఆ రోజు మీ ఒళ్లు ఎలా ఉంది, స్వింగ్ ఎలా ఉంది అన్నది దాని అంకెలే చెప్తాయి. కొత్తది 210 గజాలు వెళ్లిందని సంబరపడేలోపు పాతది కూడా ఆ రోజు 208 వెళ్లిందని తెలిస్తే ఎంత డబ్బు మిగులుతుందో ఆలోచించండి.

రెండోది, ఒక క్లబ్‌తో ఇరవై బంతులు కొట్టేసి రెండోది అందుకోకండి. మొదటిదాని దగ్గర ఒళ్లు ఇంకా వేడెక్కి ఉండదు, చివరిదాని దగ్గరికి వచ్చేసరికి అలసిపోతారు, పాపం ఆ రెండు డ్రైవర్లకీ అన్యాయం జరుగుతుంది. ముందు ఐరన్లనే పొట్టి క్లబ్బులతో బాగా వార్మప్ చేసి, తర్వాత మూడేసి నాలుగేసి బంతుల చొప్పున క్లబ్బులు మార్చి మార్చి కొట్టండి. మధ్యలో కూర్చుని నీళ్లు తాగండి. వీలైతే మీరు కోర్సులో ఆడే బంతితోనే కొట్టండి, ఎందుకంటే రేంజ్ బంతుల్లో చాలావరకు అరిగిపోయినవి, కొన్ని కావాలనే తక్కువ దూరం వెళ్లేలా చేసినవి. వాటితో వచ్చిన దూరం, స్పిన్ అంకెలని నమ్మలేం.

మూడోది, చాలామంది తప్పు చేసేది ఇక్కడే: చెడ్డ దెబ్బలని లెక్కలోంచి తీసేయకండి. "ఇది నా స్వింగ్ తప్పు, క్లబ్ తప్పు కాదు" అని తుడిచేస్తే మిగిలేవి మంచి దెబ్బలు మాత్రమే, మంచి దెబ్బకి ఏ డ్రైవర్ అయినా బాగానే వెళ్తుంది. కోర్సులో మీ స్కోరు పాడయ్యేది ఆ రెండు మూడు దరిద్రపు దెబ్బలకే కదా. కాబట్టి ఎక్కువ దూరం వెళ్లిన ఒక్క బంతిని చూడటం మానేసి, అన్నిటికన్నా కుడికి పోయినదానికీ అన్నిటికన్నా ఎడమకి పోయినదానికీ మధ్య ఎంత వెడల్పు వచ్చిందో చూడండి. సగటు దూరం అయిదు గజాలు తక్కువైనా ఆ వెడల్పు బాగా తగ్గించే డ్రైవరే మంచి డ్రైవర్. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

నాలుగోది, దెబ్బ ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో చూసుకోండి. పాదాలకి కొట్టుకునే పౌడర్ స్ప్రే ఉంటుంది కదా, అది ఫేస్ మీద పల్చగా కొడితే బంతి గుర్తు స్పష్టంగా పడుతుంది. ఇంత చవకైన, ఇంత ఉపయోగపడే పరికరం గోల్ఫ్‌లో ఇంకోటి లేదేమో. బాల్ స్పీడ్‌ని క్లబ్ స్పీడ్‌తో భాగిస్తే వచ్చేదాన్ని స్మాష్ ఫ్యాక్టర్ అంటారు, డ్రైవర్‌తో అది 1.5 దగ్గర ఉంటే దెబ్బ మధ్యలో తగిలినట్టే. గంటకి 90 మైళ్ల వేగంతో క్లబ్ తిప్పేవాళ్లకి అది 1.48 ఉంటే బంతి వేగం 133 మైళ్లు, 1.40కి పడిపోతే 126. బంతి వేగంలో ఒక్కో మైలుకి సుమారు 2 గజాలు అనుకుంటే ఆ తేడా 14 గజాలు. ఏ ప్రకటనా ఇవ్వలేని 14 గజాలు మీ ఫేస్ మధ్యలోనే ఉన్నాయన్నమాట. షాఫ్ట్ అర అంగుళం పొట్టిదైతే మధ్యలో తగలడం తేలికవుతుంది. షాపుల్లో చాలా డ్రైవర్లు 45.5 అంగుళాలు, అంతకన్నా పొడుగ్గా కూడా వస్తున్నాయి, పొడుగు పెరిగితే వేగం కాస్త పెరుగుతుంది గానీ గురి చెదురుతుంది. అందుకే వృత్తి ఆటగాళ్లు చాలామంది షాపులో దొరికేదానికన్నా పొట్టి షాఫ్టే వాడతారు.

లాంచ్ మానిటర్ (దెబ్బ వేగం, కోణం, దూరం కొలిచే పరికరం) అంకెలు చూస్తే క్యారీనే, అంటే బంతి గాల్లో వెళ్లిన దూరాన్నే చూడండి. మొత్తం దూరంలో దొర్లేది కూడా కలిసి ఉంటుంది, అది నేల గట్టిదనాన్ని బట్టి మారిపోతుంది.

ప్రశ్న: నా బంతి ఎప్పుడూ కుడివైపుకి తిరిగి చెట్లలో పడుతుంది. డ్రా మోడల్ (బంతి ఎడమకి తిరిగేలా చేసిన డ్రైవర్) కొంటే ఈ స్లైస్ (బంతి కుడికి తిరిగిపోవడం) పోతుందంటున్నారు. నిజమేనా? అలాగే ప్రొఫెషనల్స్ 9 డిగ్రీల లాఫ్ట్ వాడతారు కాబట్టి నేనూ అదే తీసుకోనా?

జవాబు: తగ్గుతుంది, పోదు. బంతి తిరగడానికి అసలు కారణం, దెబ్బ తగిలే క్షణంలో ఫేస్ మీ స్వింగ్ దారికంటే కుడికి తెరుచుకుని ఉండటం. డ్రా మోడల్‌లో బరువు మడమ (హెడ్‌కి షాఫ్ట్ కలిసే చివర) వైపు ఎక్కువ పెడతారు, అందువల్ల ఫేస్ మూసుకోవడం కొంచెం తేలికవుతుంది. దానికి తోడు మీ దెబ్బలు మడమ వైపు తగులుతున్నాయేమో చూసుకోండి, అక్కడ తగిలిన బంతికి కుడివైపు తిరిగే స్పిన్ అదనంగా వస్తుంది, కొస (హెడ్ రెండో చివర) వైపు తగిలితే ఎడమ స్పిన్ వస్తుంది. స్లైస్ కొద్దిగా ఉంటే డ్రా మోడల్ ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కోసిన దారి) దాకా తెస్తుంది. చెట్లలోకి పోయేంత ఉంటే మాత్రం ముందు రెండు మూడు పాఠాలు తీసుకోండి, ఆ తర్వాతే డ్రైవర్ కొనండి, లేకపోతే స్వింగ్ బాగుపడ్డాక ఆ డ్రా మోడలే బంతిని ఎడమకి లాగేస్తుంది.

ఇక 9 డిగ్రీలు వద్దే వద్దు. లాంచ్ మానిటర్లు తయారుచేసే ట్రాక్‌మాన్ చాలాకాలం ప్రచురించిన సగటుల ప్రకారం పీజీఏ టూర్ (పురుషుల వృత్తి పోటీలు) ఆటగాళ్లు గంటకి 113 మైళ్ల వేగంతో తిప్పి బంతిని 10.9 డిగ్రీల కోణంలో లేపుతారు. ఎల్‌పీజీఏ (మహిళల వృత్తి పోటీలు) ఆటగాళ్లు 94 మైళ్లతో తిప్పి 13.2 డిగ్రీల్లో లేపి 218 గజాల క్యారీ తెచ్చుకుంటారు. మనలో చాలామంది వేగం ఆ రెండో అంకెకి దగ్గర, లేదా ఇంకా తక్కువ. అంటే మనం నేర్చుకోవాల్సింది ఎల్‌పీజీఏ వాళ్ల దగ్గర. వేగం తక్కువైతే బంతి పైకి లేవాలి, దానికి లాఫ్ట్ కావాలి. 10.5 నుంచి మొదలుపెట్టి 12 కూడా ప్రయత్నించండి. లాఫ్ట్ ఎక్కువైతే పక్కకి తిరగడం కూడా తగ్గుతుంది. లాఫ్ట్ మార్చుకునే వీలున్న డ్రైవర్ అయితే, పెంచినప్పుడు ఫేస్ కొద్దిగా మూసుకుంటుంది, తగ్గించినప్పుడు తెరుచుకుంటుంది. స్లైస్ ఉన్నవాళ్లు తగ్గించడం ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది.

ప్రశ్న: ఎమ్‌ఓఐ 5,900 దాటకూడదని నిబంధన ఉందని చదివాను. మరి కొన్ని డ్రైవర్ల మీద 10కే అని రాస్తున్నారేంటి? అవి పోటీల్లో చెల్లవా?

జవాబు: చెల్లుతాయి. దెబ్బ పక్కన తగిలినప్పుడు హెడ్ మెలి తిరగకుండా ఎంత నిలబడుతుందో చెప్పేదే ఎమ్‌ఓఐ. 5,900 అనేది మడమ నుంచి కొస దిశలో తిరగడానికి పెట్టిన హద్దు, దాని మీద 100 వదులు. పై నుంచి కిందకి తిరిగే దిశకి ఇంకో అంకె ఉంటుంది. 2024లో వచ్చిన టేలర్‌మేడ్ క్యూఐ10 మాక్స్, పింగ్ జీ430 మాక్స్ 10కే లాంటివి ఆ రెండు దిశల అంకెల్నీ కూడితే 10,000 వస్తుందని చెప్తున్నాయి. దెబ్బలు ఫేస్ అంతా చెల్లాచెదురుగా తగిలేవాళ్లకి ఇలాంటివి మంచివే. కానీ ఆ బరువంతా వెనక్కి జరపడం వల్ల కొంతమందికి స్పిన్ ఎక్కువై బంతి గాల్లో తేలిపోతుంది, కాబట్టి అంకె చూసి కాకుండా కొట్టి చూసే కొనండి.

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు, ఈ మధ్యే ఆడటం మొదలుపెట్టారు. నేను కొత్త డ్రైవర్ కొనుక్కుని నా ఎక్స్‌ట్రా స్టిఫ్ డ్రైవర్ ఆయనకి ఇద్దామనుకుంటున్నాను. పరవాలేదా?

జవాబు: హెడ్ ఇవ్వండి, షాఫ్ట్ వద్దు. గట్టి, బరువైన షాఫ్ట్‌తో ఆయన బంతి పైకి లేవదు, నడుమూ భుజాలూ నొప్పి పుడతాయి, ఆట మీద ఇష్టం పోతుంది. 40, 50 గ్రాముల సీనియర్ లేదా రెగ్యులర్ షాఫ్ట్ ఒకటి మీ హెడ్‌కి సరిపోయే అడాప్టర్‌తో విడిగా దొరుకుతుంది. కొత్త డ్రైవర్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. హెడ్ 9 డిగ్రీలదైతే మాత్రం అదీ వద్దు, 12 డిగ్రీలది వాడినదైనా సరే చూడండి. సీనియర్, రెగ్యులర్, స్టిఫ్ అనే పేర్లకి అన్ని కంపెనీలకీ కలిపి ఒక ప్రమాణం లేదు, ఒకరి రెగ్యులర్ ఇంకొకరి స్టిఫ్ అంత గట్టిగా ఉండొచ్చు. కాబట్టి పేరు చూసి తేల్చేయకుండా ఆయన చేతికిచ్చి కొట్టించండి. ఇదే విషయం అడిగిన ఒక పాఠకురాలికి కూడా ఇక్కడే చెప్తున్నాను: మీరు 90 మైళ్లు తిప్పగలిగితే లేడీస్ అని రాసిన షాఫ్ట్ మీకు మెత్తగా అనిపించొచ్చు, రెగ్యులర్ అడిగి తీసుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఈ ఏడాది మోడలే, సీలు తీయనిది, నాలుగో వంతు ధరకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇంకా మార్కెట్లో పూర్తి ధరకి అమ్ముడుపోతున్న మోడల్‌ని ఎవరూ అంత తక్కువకి ఇవ్వరు, అది నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ. నకిలీ హెడ్ బరువు సరిగా ఉండదు, లాఫ్ట్ రాసినట్టు ఉండదు, కొన్నాళ్లకి ఫేస్ పగలొచ్చు కూడా. తక్కువలో కావాలంటే వాడినది, కంపెనీ ఒప్పుకున్న డీలర్ దగ్గరో వెనక్కి తీసుకునే షాపులోనో కొనండి. ఫేస్ మీద, పైభాగంలో సన్నటి పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో తిప్పి చూడండి, ఊపితే లోపల ఏదైనా గలగలలాడుతోందేమో వినండి, షాఫ్ట్ ఎవరైనా కోసి పొట్టి చేశారేమో టేపుతో కొలవండి, లాఫ్ట్ మార్చే రెంచ్ ఇస్తారో లేదో అడగండి. పోటీల్లో ఆడేవాళ్లయితే చెల్లే హెడ్ల జాబితాలో ఆ మోడల్, ఆ లాఫ్ట్ ఉన్నాయేమో కూడా చూసుకోండి, యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ దాన్ని అందరికీ అందుబాటులో ఉంచుతాయి. దూరం నుంచి కొంటుంటే సీరియల్ నంబరు, ఫేస్, అడుగుభాగం దగ్గరగా కనిపించే ఫోటోలు పంపమనండి. పంపడానికి సాకులు చెప్తే ఆ బేరం అక్కడితో వదిలేయండి.