కిట్ మీద గీత మసకగా కనిపిస్తే గర్భం ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 29 సంవత్సరాలు. నాకు 28 నుంచి 30 రోజులకోసారి నెలసరి వస్తుంది. ఈసారి తేదీ దాటి నాలుగు రోజులైంది. నిన్న సాయంత్రం ఇంట్లోనే ప్రెగ్నెన్సీ కిట్‌తో పరీక్ష చేసుకుంటే ‘సి’ దగ్గర ముదురు గీత వచ్చింది. ‘టి’ దగ్గర మాత్రం అయిదు నిమిషాల లోపే ఉందా లేదా అన్నట్టుగా లేత గులాబి గీత కనిపించింది. ఈ రోజు ఉదయం మరో కంపెనీ కిట్‌తో చేస్తే ఒకటే గీత వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, గంట తర్వాత చూస్తే రెండోచోట సన్నని బూడిదరంగు గీత ఉంది. రెండుసార్లూ రెండు గీతలు వచ్చాయి కాబట్టి గర్భం ఖాయమని మా అత్తగారు అంటున్నారు. గీత లేతగా వస్తే గర్భం నిలవదని మా వదినగారు అంటున్నారు. పోయిన వారం గొంతునొప్పికి యాంటీబయాటిక్ వాడాను. దానివల్ల ఫలితం తప్పుగా వచ్చిందేమోనన్న అనుమానం కూడా ఉంది. ఏది నమ్మాలో దయచేసి చెప్పండి.
– పేరు రాయని పాఠకురాలు

జవాబు: మీ మొదటి పరీక్షలో కనిపించిన లేత గులాబి గీతను లెక్కలోకి తీసుకోండి, ఈ రోజు గంట తర్వాత కనిపించిన బూడిదరంగు గీతను వదిలేయండి. నిర్ణీత సమయంలోపు, రంగుతో, ‘సి’ గీతంత వెడల్పున కనిపించిన గీత ఎంత లేతగా ఉన్నా సాధారణంగా పాజిటివ్ కిందే లెక్క. అయితే రెండో కిట్ సరైన సమయంలో ఒక గీతే చూపించింది కాబట్టి, ఈ దశలో ‘బహుశా గర్భం వచ్చి ఉండవచ్చు, నిర్ధారించుకోవాలి’ అన్నంతవరకే చెప్పగలను.

ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే కిట్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. ఫలదీకరణ చెందిన అండం గర్భసంచి గోడకు అంటుకున్న తర్వాతే, మాయగా మారబోయే కణాల నుంచి హెచ్‌సీజీ అనే హార్మోన్ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరడం మొదలవుతుంది. అండం విడుదలైన తర్వాత ఇలా అంటుకోవడానికి సుమారు ఆరు నుంచి పన్నెండు రోజులు పడుతుంది. మూత్రం చుక్కలు పట్టీ మీద పాకేటప్పుడు, దారిలో ఆరబెట్టి ఉంచిన రంగు కణాలను తమతో తీసుకుపోతాయి. ఆ కణాలకు హెచ్‌సీజీని పట్టుకునే యాంటీబాడీలు అతికించి ఉంటాయి. మూత్రంలో హార్మోన్ ఉంటే అది రంగు కణాలతో కలిసి ‘టి’ దగ్గర చిక్కుకుని గీతగా కనిపిస్తుంది. మిగిలిన రంగు కణాలు ముందుకు సాగి ‘సి’ దగ్గర ఆగుతాయి. హార్మోన్ ఉన్నా లేకపోయినా ‘సి’ గీత రావాల్సిందే. అది రాకపోతే ‘టి’ దగ్గర ఏమి కనిపించినా ఆ కిట్ చెల్లదు.

తడి పూర్తిగా ఆరిపోయాక, ‘టి’ దగ్గర యాంటీబాడీలు పూసిన చోటు రంగులేని నీడలా బయటపడుతుంది. మీరు గంట తర్వాత చూసినది చాలావరకు అదే. అలాంటి గీత బూడిదరంగులోనో, నీటి మరకలానో ఉంటుంది. అందుకే ప్యాకెట్ మీద రాసిన వ్యవధి, సాధారణంగా మూడు నుంచి అయిదు నిమిషాలు, దాటాక కిట్‌ను మళ్లీ చూడకూడదు. పక్కన పెట్టిన కిట్‌ను తీసి వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూడడం, పైడొప్ప ఊడదీసి పట్టీని పరీక్షించడం వల్ల లేని ఆశో, లేని భయమో మిగులుతుంది తప్ప సమాధానం దొరకదు. నీలిరంగు గీత వచ్చే కిట్లలో ఈ అయోమయం మరీ ఎక్కువ, కాబట్టి గులాబి గీత వచ్చే రకమే వాడండి.

ఉదయపు మూత్రం చిక్కగా ఉన్నా రెండో కిట్‌లో గీత ఎందుకు రాలేదన్నది సహేతుకమైన సందేహమే. అన్ని కిట్ల సామర్థ్యం ఒకటి కాదు. మిల్లీలీటరు మూత్రంలో 25 మిల్లీ యూనిట్ల హార్మోన్ ఉంటే చాలామటుకు కిట్లు పట్టుకుంటాయి, కొన్ని అంతకన్నా తక్కువనూ పట్టుకుంటాయి. ఈసారి మీకు అండం నాలుగైదు రోజులు ఆలస్యంగా విడుదలై ఉంటే, నెలసరి తేదీ దాటినా గర్భం వయసు మీరు అనుకున్నంత ఉండదు. అప్పుడు హార్మోన్ ఈ హద్దు దగ్గరే ఉండి, ఒక కిట్‌లో కనిపించి మరొకదానిలో కనిపించకపోవచ్చు.

అందుచేత ఈ రోజే మూడో కిట్ వాడకండి. తొలి వారాల్లో హెచ్‌సీజీ రెండు మూడు రోజులకు దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి, 48 గంటలు ఆగితే గీతలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. మొదట వాడిన కంపెనీ కిట్‌నే, గడువు తేదీ చూసుకుని, నిద్రలేవగానే వచ్చే మొదటి మూత్రంతో వాడండి. దానికి ముందు నీళ్లు ఎక్కువగా తాగకండి. ఎన్ని చుక్కలు వేయాలో ప్యాకెట్ మీద ఉన్నట్టే వేసి, గడియారం చూసుకుని, సమయం కాగానే ఒక ఫొటో తీసి కిట్‌ను పారేయండి. అప్పటికీ తేలకపోతే బీటా హెచ్‌సీజీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. అందులో మిల్లీలీటరుకు 5 మిల్లీ యూనిట్ల లోపు వస్తే సాధారణంగా గర్భం లేనట్టు, 25 దాటితే ఉన్నట్టు పరిగణిస్తారు. ఈ రెండింటి మధ్య వస్తే రెండు రోజుల తర్వాత మళ్లీ చేసి, అంకె పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూస్తారు. ఇప్పుడే స్కానింగ్‌కు తొందరపడినా పెద్దగా ప్రయోజనం ఉండదు. యోని ద్వారా చేసే స్కానింగ్‌లో కూడా గర్భసంచిలోని తొలి తిత్తి కనిపించడానికి, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తే దాదాపు అయిదు వారాలు నిండాలి.

గీత లేతగా ఉంటే గర్భం నిలవదన్న మాట నిజం కాదు. మూత్రం చిక్కదనాన్ని బట్టి, కిట్ తయారీని బట్టి, గర్భం ఎన్ని రోజులదన్నదాన్ని బట్టి గీత రంగు మారుతుంది. గర్భం ఎంత బలంగా ఉందో కొలవడానికి ఈ కిట్లు తయారు చేయలేదు. రోజూ ఒక కిట్ వాడి నిన్నటి గీతతో పోల్చుకుంటూ కుమిలిపోయే తల్లులను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. దయచేసి మీరు ఆ దారిన వెళ్లకండి.

కొన్నిసార్లు అండం అంటుకుని, హార్మోన్ కొద్దిగా విడుదలై, ఆ పైన పెరగకుండానే ఆగిపోతుంది. అప్పుడు లేత గీత వచ్చి మాయమై, కొద్ది రోజుల ఆలస్యంతో నెలసరి వచ్చేస్తుంది. ఇది తొలిదశలోనే ముగిసిన నిజమైన గర్భం. ఎక్కువగా పిండంలోని క్రోమోజోముల లోపమే దీనికి కారణం. మీరు చేసిన పని వల్లనో, తిన్న పదార్థం వల్లనో ఇలా జరగదు. మీ విషయంలో ఇలా జరిగితే ఎవరు ఏమన్నా ఆ నింద మీ మీద వేసుకోకండి.

యాంటీబయాటిక్ వల్ల తప్పుడు పాజిటివ్ రాదు. జ్వరం మాత్రలు, గర్భనిరోధక మాత్రల వల్ల కూడా రాదు. సంతాన చికిత్సలో భాగంగా హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో మాత్రం రెండు వారాల వరకూ ఆ మందే గీత చూపించవచ్చు. ఇటీవల గర్భస్రావమైనవారిలో కూడా కొన్ని వారాలపాటు గీత వస్తూనే ఉండవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం 48 గంటలు ఆగమని నేను చెప్పను. గర్భం గర్భసంచిలో కాకుండా ఫెలోపియన్ నాళంలో పెరిగినా కిట్ మీద గీత వస్తుంది, అది లేతగానూ ఉండవచ్చు. పొత్తికడుపులో, ముఖ్యంగా ఒకవైపు, నొప్పి వచ్చినా, రక్తం కనిపించినా, కళ్లు తిరిగి పడిపోయేట్టున్నా, భుజం కొసన నొప్పి పుట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నాళం చిట్లి లోపల రక్తస్రావమైతే అది ప్రాణాంతకం. కిట్ నెగెటివ్ చూపించిందన్న ధైర్యంతో ఇంట్లో ఉండిపోకూడదు.

ఫలితం తేలేవరకు గర్భం ఉన్నట్టే జాగ్రత్తపడండి. రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర తీసుకోండి. ఏ కొత్త మందు వాడాల్సి వచ్చినా, ఎక్స్‌రే తీయాల్సి వచ్చినా ముందుగా ఈ సంగతి అక్కడి డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: నాకు నెల తప్పినప్పుడు ముదురు గీత వచ్చింది. ఇప్పుడు పదో వారం. వాంతులు అలాగే ఉన్నాయి. ఇంట్లో మిగిలిన కిట్‌తో ఊరికే చూస్తే గీత బాగా లేతగా వచ్చింది. కడుపులో బిడ్డకు ఏమైనా అయిందా?
– మరో పాఠకురాలు

జవాబు: గీత పలచబడిందన్న ఒక్క కారణంతో అలా అనుకోనక్కర్లేదు. ఎనిమిది నుంచి పదకొండు వారాల మధ్య ఈ హార్మోన్ శిఖరానికి చేరుతుంది. రక్తంలో అది మిల్లీలీటరుకు లక్ష మిల్లీ యూనిట్లు దాటడం కూడా మామూలే. హార్మోన్ మితిమీరినప్పుడు పట్టీలోని యాంటీబాడీలన్నీ విడివిడిగా నిండిపోయి, రంగు కణాలు ‘టి’ దగ్గర నిలవలేవు. దాంతో గీత పలచబడుతుంది, కొన్నిసార్లు కనిపించదు కూడా. ముత్యాల గర్భంలో, అంటే బిడ్డ సరిగా ఏర్పడకుండా మాయ కణాలు అసహజంగా పెరిగే స్థితిలో, హార్మోన్ విపరీతంగా పెరిగినా ఇలాగే జరుగుతుంది. కాబట్టి ఇప్పటివరకు స్కానింగ్ చేయించుకోకపోతే ఈ వారంలోనే చేయించుకోండి. పదో వారంలో బిడ్డ గుండె కొట్టుకోవడం స్కానింగ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. ఇంట్లో ఇంకా కిట్లు ఉంటే మళ్లీ వాడకండి.